పైపోర్షన్ వేడికి రేటింగ్ ఎవరిస్తారు?

మార్కాపురంలోనో గిద్దలూరులోనో అద్దె ఇల్లు వెతికేవాళ్లు అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తాయి, బోరుందా, వేసవిలో ట్యాంకరు తెప్పించుకోవాలా, వాకిలి ఏ దిక్కు, అడ్వాన్సు ఎన్ని నెలలది, బండి పెట్టుకునే చోటుందా. ఇల్లు కొనేవాళ్లయితే వీటికి ఈసీ, లింకు డాక్యుమెంట్లు, రోడ్డు వెడల్పు కలుపుతారు. ఇంట్లో వేడి ఎంత అని ఎవరూ అడగరు. అడిగినా చెప్పేవారు లేరు. కానీ ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది: "కింద పోర్షనా, పైదా?" పైదైతే అద్దెలో కొంత తగ్గిస్తామని ఇంటాయన ముందే అంటాడు. ఎందుకు తగ్గిస్తున్నాడో ఆయనకూ తెలుసు, వచ్చినవాడికీ తెలుసు. ఏ చట్టమూ పెట్టకముందే పశ్చిమ ప్రకాశం పెట్టుకున్న ఇంటి రేటింగ్ ఇది. రెండే తరగతులు: నెత్తిన శ్లాబు ఎండకు కాలే ఇల్లు, కాలని ఇల్లు.

ఈ రేటింగును కాగితం మీదికి తెచ్చి, ఇల్లు అమ్మేటప్పుడో అద్దెకిచ్చేటప్పుడో అవతలివాళ్లకు చూపించాలన్నదే ప్రపంచమంతా పాతికేళ్లకు పైగా నడుస్తున్న చర్చ. మన దేశంలో దాని సంగతులు చాలావరకు ఢిల్లీలో పుట్టి హైదరాబాదు, విజయవాడల దగ్గర ఆగిపోయాయి. నల్లమల అంచున ఉన్న ఊళ్లకు అవి ఎంతవరకు పనికొస్తాయో చూడటం ఈ వ్యాసం పని.

నక్షత్రాల గుర్తు మనకు కొత్త కాదు. 2001 ఇంధన పొదుపు చట్టం కింద 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) ఏర్పడింది. 2006లో స్టార్ లేబుల్ మొదలుపెట్టింది. 2010 నుంచి ఫ్రిజ్‌లకు, ఏసీలకు తప్పనిసరి చేసింది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్ కూడా నక్షత్రం లేకుండా అమ్మకూడదు. ఇప్పుడు గిద్దలూరు బజారులో ఏసీ కొనే రైతు కూడా త్రీస్టారా, ఫైవ్‌స్టారా అని బేరం మొదలుపెడతాడు. పాతిక లక్షలు పోసి ఇల్లు కొనేవాడు మాత్రం గచ్చు టైల్సు చూసి, ముందు గోడకు అతికించిన రాళ్ల అందం చూసి సంతకం పెట్టేస్తాడు. పాతిక వేల వస్తువుకు ఉన్న హామీ పాతిక లక్షల ఆస్తికి లేదు.

లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. నివాస గృహాలకు స్టార్ లేబుల్ ఇచ్చే కార్యక్రమాన్ని బీఈఈ 2019లోనే ప్రకటించింది. ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు. కొలమానం, చదరపు మీటరు నేలకు ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు అన్నది. ఇష్టమున్నవారు తీసుకోవచ్చు, బలవంతం లేదు. అంతకు కొద్దిగా ముందు, 2018 డిసెంబరు 14న, ఎకో నివాస్ సంహిత అనే నియమావళి వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడే గోడలు, కిటికీలు, కప్పు ఎంత వేడిని లోపలికి రానివ్వాలో అది చెబుతుంది. గోడలు, కిటికీల ద్వారా సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించి వేడి దాటకూడదు. కప్పుకు విడిగా ఇంకో హద్దు ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను, ఎందుకంటే మన ప్రాంతానికి సంబంధించినంతవరకు ఆ నియమావళి మొత్తంలో ప్రాణమున్న అంకె అదే.

చిక్కు ఎక్కడంటే ఈ సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకు. మన భాషలో చెప్పాలంటే పన్నెండు సెంట్లు దాటాలి. మార్కాపురంలో రెండు మూడు సెంట్లలో మేడ కట్టుకున్నవాడు అదృష్టవంతుడు. 2020లో ప్రభుత్వం ఇచ్చిన పేదల ఇళ్ల స్థలాలు పట్టణంలో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి నివాస భవనాలను కూడా నియమావళి కిందికి తెచ్చారు కానీ, అక్కడ హద్దు 100 కిలోవాట్ల లోడు. రాష్ట్రాలు కావాలంటే దాన్ని ఇంకా దించుకోవచ్చు. ఏసీ పెట్టుకున్న మామూలు ఇంటి లోడు మూడు నాలుగు కిలోవాట్లు. ఆంధ్రప్రదేశ్ 2014లోనే వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి తెచ్చుకుంది, ముందు వరసలో నిలిచింది కూడా. అదీ మాల్స్, హోటళ్లు, పెద్ద ఆసుపత్రుల సంగతి. ఇక స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) 500 చదరపు మీటర్లు దాటిన లేదా ఎనిమిది ఫ్లాట్లు మించిన ప్రాజెక్టులనే పట్టించుకుంటుంది. తండ్రి కట్టిన మేడను కొడుకు అమ్ముకోవడం, పైన గది వేసి అద్దెకివ్వడం దాని కంటికి ఆనవు. అంటే పశ్చిమ ప్రకాశంలో అమ్మకాలు, అద్దెలు దాదాపు అన్నీ ఈ వలల కన్నాల్లోంచి జారిపోయేవే.

బయటి దేశాల్లో కథ వేరుగా నడిచింది. ఇల్లు అమ్మేటప్పుడు శక్తి రేటింగ్ చూపించాలన్న నియమం డెన్మార్కులో 1997 నుంచి ఉంది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ప్రాంతం 1999లో మొదలుపెట్టింది. ఐరోపా సమాఖ్య 2002లో అన్ని సభ్యదేశాలకూ ఆదేశం ఇచ్చింది. బ్రిటన్‌లో 2007లో అమ్మకాలకు, 2008లో అద్దెలకు ఈ పత్రం తప్పనిసరైంది. ఏ నుంచి జీ దాకా ఏడు తరగతులు, పదేళ్ల చెల్లుబాటు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2018 ఏప్రిల్ నుంచి ‘ఈ’ కంటే తక్కువ తరగతి ఇల్లు కొత్తగా అద్దెకివ్వకూడదన్నారు, 2020 నుంచి పాత అద్దెలకూ అదే మాట. ఫ్రాన్స్ ఇంకా గట్టిది. జీ తరగతి ఇళ్లను 2025 జనవరి నుంచి కొత్తగా అద్దెకు ఇవ్వనీయడం లేదు. ఎఫ్ వంతు 2028లో, ‘ఈ’ వంతు 2034లో వస్తుందని ముందే చెప్పేసింది. లండన్‌లో, మాంచెస్టర్‌లో అద్దెకుంటున్న మన పిల్లలను అడిగితే, ఇల్లు చూడబోయినప్పుడు ఆ రంగుల పట్టీ కాగితం ఎలా ఉంటుందో చెబుతారు.

కానీ అదంతా చలి లెక్క. ఆ ఇళ్ల జబ్బు లోపలి వేడి బయటికి పోవడం. మన ఇళ్ల జబ్బు బయటి వేడి లోపలికి రావడం. దిక్కు మార్చి అదే సూత్రం వాడుకుంటే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. కారణం ఆ దేశాల అనుభవంలోనే దొరుకుతుంది. జర్మనీ ఇళ్ల మీద కేంబ్రిడ్జి పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. లెక్క ప్రకారం ఖర్చవ్వాల్సిన దానికంటే ఇళ్లలో నిజంగా ఖర్చయ్యే ఇంధనం సగటున 30 శాతం తక్కువని అందులో తేలింది. రేటింగ్ ఎంత అధ్వానమైతే ఈ తేడా అంత పెద్దది. ఇల్లు బాగుండి కాదు, అందులో ఉండేవాళ్లు చలిలో సర్దుకుని బతుకుతున్నారు కాబట్టి. బిల్లు తక్కువ వచ్చింది కదా అని ఆ ఇంటికి మంచి మార్కులు వేస్తే ఎంత తప్పో వేరే చెప్పనక్కరలేదు.

దీన్ని తెచ్చి తర్లుపాడులోనో కొమరోలులోనో పెట్టి చూడండి. రేకుల ఇల్లు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. నెలకు 70 యూనిట్లు కాలవు. చదరపు మీటరుకు యూనిట్లు లెక్కేస్తే ఆ ఇల్లు దేశంలోకెల్లా పొదుపైనది. మే నెల మధ్యాహ్నం అందులో మనిషి ఉండలేడు. చెట్టు కిందికో, రచ్చబండకో, గుడి మండపానికో పోతాడు. ఆ వేడి ఏ మీటరులోనూ తిరగదు. 2019లో కేంద్రం విడుదల చేసిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ ప్రకారం అప్పటికి దేశంలో ఏసీ ఉన్న ఇళ్లు దాదాపు 8 శాతమే. 2037-38 నాటికి అవి 40 శాతానికి చేరతాయని అందులో అంచనా. అంటే ఇవాళ వేడిని భరిస్తున్న ఇళ్లు రేపు ఏసీ బిగించుకుంటాయి. అప్పుడు ఆ రేకు, ఆ శ్లాబు దాచిపెట్టిన బిల్లంతా ఒక్కసారి బయటపడుతుంది. కాబట్టి యూనిట్లు కొలిచే నక్షత్రం మన ఊళ్లకు సగం అబద్ధం చెబుతుంది. ఇక్కడ కొలవాల్సింది ఇల్లు ఎంత కరెంటు తాగుతుందన్నది కాదు, ఏసీ లేకుండా మే నెలలో అందులో ఎంత వేడి ఉంటుందన్నది. ఈ వ్యాసంలో నేను వాదించేది ఈ ఒక్క సంగతే.

ఈ ప్రాంతపు ఎండ సంగతి కొత్తగా రాయాలా? ఒంగోలు తీరానికి మార్కాపురం దాదాపు వంద కిలోమీటర్లు. సముద్రపు గాలి మీద ఆశ పెట్టుకునే దూరం కాదు. పడమట నల్లమల, కింద పలకరాయి నేల. మే నెలలో 45 డిగ్రీలు దాటే మండలాల జాబితాలో ఈ చుట్టుపక్కల పేర్లు తరచూ కనిపిస్తాయి. 2015 వడగాడ్పుల్లో రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎకో నివాస్ సంహిత దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విడగొట్టింది. ఉక్కపోత ఉండే తీరప్రాంతాల్లో తెరుచుకునే కిటికీలు గది నేలలో ఆరో వంతు ఉండాలంటుంది. ఎండి మండే ప్రాంతాల్లో పదో వంతు చాలంటుంది. మనది ఈ రెంటికీ మధ్య బతుకు. ఏప్రిల్, మే నెలల్లో పగలు కిటికీ మూసుకోవాలి, తెరిస్తే నిప్పుల గాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం వచ్చినప్పుడు అదే కిటికీ బార్లా తెరవాలి. పటం మీద గీసిన గీత ఎటువైపు పడిందన్నదాన్ని బట్టి మన కిటికీ సైజు తేలుతుంది. అందుకే రెవెన్యూ మండలాల స్థాయి లెక్క కావాలంటాను.

పాతకాలపు మిద్దెలు ఈ లెక్క తెలిసే కట్టినవి. దూలాలు, దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి, ఆపైన మందంగా మట్టి తొక్కి, చవుడు పోసేవారు. పగలంతా ఆ మట్టి వేడిని తనలోనే ఉంచుకుని, కిందికి దిగేలోపు పొద్దు గూకేది. రాత్రి మనుషులు మిద్దె మీదికెక్కి పడుకునేవారు. గవాక్షిలోంచి వెలుగు, గాలి. ఇబ్బందులు లేవని కాదు. వానకు కారేది, ఏటా చవుడు పోయాలి, చెదలు, తేళ్లు. ఆ కష్టం పడలేకే జనం శ్లాబుకు మారారు, మారినందుకు ఎవరినీ తప్పు పట్టలేం. అయితే మట్టి కప్పు పోయింది, దాని బదులు వేడిని ఆపేది మాత్రం ఏదీ రాలేదు. ఐదంగుళాల కాంక్రీటు పొద్దున పదికల్లా వేడెక్కడం మొదలుపెట్టి, రాత్రి పన్నెండు దాటినా గదిలోకి సెగ దించుతూనే ఉంటుంది.

ఇంకో చిత్రం కూడా ఇక్కడే ఉంది. మార్కాపురం పలకల పేరు వినని తెలుగు బడిపిల్ల ఒకప్పుడు లేదు. పలకల పరిశ్రమ తగ్గినా ఇక్కడి రాయి రంగురంగుల బండలుగా విదేశాలకు వెళుతోంది, అక్కడ గోడలకు, కప్పులకు ఎక్కుతోంది. ఇక్కడ మాత్రం అదే ముదురు రంగు రాయిని కొందరు అందం కోసం పడమటి గోడకు అతికించుకుంటున్నారు. సాయంత్రం ఎండ మొత్తం దాని మీదే. రాత్రి ఆ గోడ పక్క మంచం వేసుకున్నవాడికి తెలుస్తుంది, ముదురు రాయి ఎండను ఎంత మింగుతుందో.

ఇప్పుడు కప్పు అంకె. ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పుకు ఇరువైపులా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు నుంచి 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదు. ఏ పూతా, ఏ పొరా లేని మామూలు శ్లాబుకు ఈ అంకె 3 దాటుతుంది. గది పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు అనుకుందాం. అంటే 11 చదరపు మీటర్ల కప్పు. ఎండ దెబ్బ కూడా కలిపి పైకీ లోపలికీ 20 డిగ్రీల తేడా ఉందనుకుంటే, మామూలు శ్లాబు నుంచి 660 వాట్ల పైచిలుకు వేడి గదిలోకి దిగుతుంది. నియమం పాటించిన కప్పు నుంచి దిగేది 270 వాట్లలోపే. ఫ్యాను ఈ వేడిని తగ్గించదు, తిప్పుతుంది అంతే. సంహితలోని 15 వాట్ల హద్దులో ఈ కప్పు వేడి కలవదని గుర్తుంచుకోవాలి. పదంతస్తుల అపార్టుమెంటులో కప్పు కింద ఉండేది ఒక్క అంతస్తే కాబట్టి నగరాల్లో గోడలే ముఖ్యం. మన ఊళ్లలో ఒకటి, రెండు అంతస్తులే. కప్పే అంతా.

కప్పుకు చేయగలిగిందేమిటో తెలుగు నేల మీదే పరీక్షించి చూశారు. హైదరాబాదు భవనాల మీద బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. నల్లటి కప్పుకు తెల్లపూత వేస్తే చల్లదనానికయ్యే కరెంటులో 14 నుంచి 26 శాతం, మామూలు కాంక్రీటు కప్పుకు వేస్తే 10 నుంచి 19 శాతం తగ్గుతుందని అందులో తేలింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకూ తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఇష్టం. మళ్లీ అదే పన్నెండు సెంట్ల గీత! వేడి ఎక్కువగా తాకేది గీతకు కింద ఉన్నవాళ్లను, నియమం పెట్టేది గీతకు పైనున్నవాళ్లకు. అయినా విధానమంటూ ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ దాన్ని చూసి రాసుకోవచ్చు, గీతను మాత్రం చెరిపేసి.

తెల్లపూతల్లో సున్నం చాలా చవక. ఒక్క వానాకాలానికే కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. వెలుతురును తిప్పికొట్టే రెడీమేడ్ పెయింటుకు చదరపు అడుగుకు కొన్ని పదుల రూపాయలవుతుంది, కొన్నేళ్లు నిలుస్తుంది, దుమ్ము కడుగుతూ ఉండాలి. తెల్ల కూలింగ్ టైల్సు ఇంకా ఖరీదు, ఇంకా మన్నిక. వీటన్నిటికంటే చవకైన పని, కొత్తగా కట్టేటప్పుడు మేస్త్రీకి ముందే చెప్పడం. కట్టాక చేసే ప్రతి పనికీ ఖర్చు ఎక్కువవుతుంది.

కూలర్ గురించి ఒక మాట. పొడి ఎండలో కూలరంత తెలివైన యంత్రం లేదు. ఏసీ తినే కరెంటులో చిన్న భాగంతో గదిని చల్లబరుస్తుంది. యూనిట్ల లెక్కలో ఫస్టు మార్కులు దానికే. కానీ గంటకు కొన్ని లీటర్ల నీళ్లు తాగుతుంది. దశాబ్దాలుగా వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తున్న ప్రాంతం ఇది, వేసవిలో ట్యాంకరు కొనుక్కునే వీధులు ఇవి. పైగా ఉప్పు నీళ్లు, ఫ్లోరైడు నీళ్లు. గడ్డి ప్యాడ్లు నెల తిరక్కుండా తెల్లగా గట్టిపడతాయి. ఇంటి రేటింగులో కరెంటు పక్కన నీళ్ల ఖర్చు రాయకపోతే, పశ్చిమ ప్రకాశంలో ఆ రేటింగ్ అర్థం లేనిదవుతుంది. ఢిల్లీలో కూర్చుని ఎవరూ ఈ గడి గీయరు. మనమే అడగాలి.

ఇక డబ్బు. ఈ ప్రాంతానికి కరెంటిచ్చేది ఏపీసీపీడీసీఎల్. గృహ వినియోగానికి 2022 నుంచి ఉన్న శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సర్దుబాటు చార్జీలు, సుంకం వేరే. ఈ లెక్కన 200 యూనిట్లకు కరెంటు ఖరీదు 867 రూపాయలు, 300 యూనిట్లకు 1,673. వాడకం ఒకటిన్నర రెట్లయితే బిల్లు దాదాపు రెండింతలు. పైపోర్షన్‌లో రాత్రి ఏసీ ఇంకో రెండు గంటలు ఎక్కువ తిరిగితే పడేది ఈ 8.75 శ్లాబులోనే. అద్దెలో తగ్గించిన ఐదొందలు ఏప్రిల్, మే, జూన్ బిల్లుల్లో వడ్డీతో సహా తిరిగి వెళ్లిపోతాయి.

దీనికి తోడు సబ్‌మీటరు. చాలా ఇళ్లలో సర్వీసు ఒకటే ఉంటుంది, ఇంటాయన పేరు మీద. పోర్షన్లకు సబ్‌మీటర్లు బిగించి యూనిట్‌కు ఇంతని ఒకే రేటు వసూలు చేస్తారు. మూడు కుటుంబాల వాడకం ఒకే మీటరులో కలిస్తే అందరూ పై శ్లాబులోకి పోతారు. విడివిడిగా ఉంటే ముగ్గురికీ మూడు రూపాయల శ్లాబు దక్కేది. అరవై యూనిట్లు కాల్చే ముసలమ్మ కూడా ఏసీవాళ్ల రేటు కడుతుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్ల దాకా ఉచితమన్న రాయితీ సొంత సర్వీసు లేని అద్దెవాళ్ల చేతికి రావడం కష్టం. కాబట్టి అద్దె ఇంటి శక్తి పత్రంలో మొదటి వరస నక్షత్రం కాదు, "విడి మీటరు ఉందా లేదా" అన్నది.

ఫ్యాను లెక్క కూడా ఇక్కడే చూసుకుందాం. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టూ. రోజుకు పదిహేను గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద నెలకు 20 యూనిట్ల తేడా. ఆరు రూపాయల శ్లాబులో ఉన్న ఇంటికి అది నూట ఇరవై రూపాయలు. ఈ ఫ్యాన్లు ఎవరు కొనాలి? అద్దెవాడు కొంటే రేపు ఖాళీ చేసేటప్పుడు విప్పుకుపోవాలి. ఇంటాయన కొంటే మిగిలేది అద్దెవాడికి. శ్లాబు పూత దగ్గరకొస్తే సమస్య ఇంకా స్పష్టం. ఖర్చు ఒకరిది, చల్లదనం ఇంకొకరిది. ప్రపంచంలో అద్దె ఇళ్ల రేటింగులన్నీ పుట్టింది ఈ ముడి విప్పడానికే. పైపోర్షన్‌కు తెల్లపూత ఉందని పత్రంలో కనిపిస్తే ఇంటాయన రెండొందలు ఎక్కువ అడగొచ్చు, అద్దెవాడు సంతోషంగా ఇవ్వొచ్చు. ఇప్పుడు ఆ మాటే ఎవరూ ఎత్తరు కాబట్టి పూత వేసినవాడికీ వేయనివాడికీ ఒకే అద్దె.

వ్యతిరేక వాదన బలమైనదే. రేటింగ్ పెడితే అద్దెలు పెరుగుతాయి, చల్లని ఇళ్లు ఉన్నవాళ్లకు, కాలే ఇళ్లు లేనివాళ్లకు దక్కుతాయి. తక్కువ తరగతి ఇళ్లను అద్దెకివ్వకుండా నిషేధించే ఫ్రాన్స్ పద్ధతి ఇక్కడ పెడితే రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లు వీధిన పడతారు. అది నేనూ ఒప్పుకోను. తెలియజేయడం వేరు, నిషేధించడం వేరు. మొదటి దానికే ఇంకా దిక్కులేని చోట రెండోది ఆలోచించడం తొందరపాటు.

మరో భయం కాగితం విలువ గురించి. రోడ్డు పక్క వ్యానులో బండి ఫొటో తీసి చేతిలో పెట్టే పొల్యూషన్ సర్టిఫికెట్ లాగా ఇదీ తయారవుతుందని. ఆ భయం నాకూ ఉంది. అందుకే కంప్యూటరులో లెక్కగట్టే నక్షత్రాల కంటే కంటికి కనిపించే సంగతులు రాసే పత్రమే మేలంటాను. దానికి నమూనా వెతుక్కోనక్కరలేదు. ఫ్రాన్స్ 2021లో తన పత్రాన్ని మార్చినప్పుడు అందులో ఒక మూల "వేసవి సౌఖ్యం" అని ఒక గడి చేర్చింది. బాగు, మధ్యస్థం, చాలదు అని మూడే మెట్లు. చూసేవి ఐదు సంగతులు: కప్పుకు వేడిని ఆపే పొర ఉందా, కిటికీలకు బయట తలుపులున్నాయా, గోడలు బరువైనవా, ఇంట్లో గాలి ఒకవైపు నుంచి రెండోవైపుకు పారుతుందా, సీలింగ్ ఫ్యాను ఉందా. ఇందులో ఏదీ ఇంజనీరు చదువు అడిగేది కాదు. చలిదేశం తన పత్రంలో ఒక మూల పెట్టుకున్న గడి మనకు పత్రం మొత్తం కావాలి. ఐదింటికి మన వంతుగా మూడు కలపొచ్చు: పైన ఇంకో అంతస్తు ఉందా, పడమటి గోడకు నీడ ఉందా, వేసవిలో నీళ్లు ఎక్కడివి.

మనుషుల కొరత కూడా లేదు. 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడే కరెంటు పనులకు ఎనర్జీ అసిస్టెంట్లను, కట్టడాల పనులకు ఇంజనీరింగ్ అసిస్టెంట్లను నియమించారు. ఒక ఇంటికి పావుగంట చాలు. కొత్త ఇళ్ల ప్లాన్లు పెట్టే లైసెన్సుడు సర్వేయర్లు, ఇంజనీర్లు అదే పత్రం దరఖాస్తుతోపాటు నింపొచ్చు.

అమ్మకాలకైతే దారి ఇంకా దగ్గర. ఇల్లు రిజిస్టరు చేయించిన ప్రతివాడూ అనెక్జర్ 1-ఏ నింపే ఉంటాడు. ఎక్కువమంది చదవకుండా సంతకం పెట్టి ఉంటారు. విలువ తక్కువ చూపించకుండా ఆపడానికి 1975 నాటి నిబంధనల కింద పుట్టిన ఆ కాగితంలో అడిగేవాటిలో కప్పు రకం ఒకటి, ఇంటి వయసు ఒకటి, ఏడాది అద్దె విలువ ఒకటి. అంటే రాష్ట్రం యాభై ఏళ్లుగా ప్రతి అమ్మకంలో కప్పు గురించి అడుగుతూనే ఉంది. అడిగేది పన్ను కోసం, మనిషి కోసం కాదు. ఆ లెక్కలో శ్లాబుకు ఎక్కువ విలువ, మట్టి మిద్దెకు తక్కువ. మే నెల మధ్యాహ్నం లోపల కూర్చుని చూస్తే వరస తలకిందులవుతుంది. ఆ కాగితంలో కప్పు రకం కింద ఇంకో రెండు వరసలు చేరిస్తే చాలు: కప్పుకు పూత లేదా పొర ఉందా, గత ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని యూనిట్లు కాలాయి. దీనికి పార్లమెంటు అక్కరలేదు, ఒక జీవో చాలు.

అద్దెలు రిజిస్ట్రేషన్ దాకా రావు. రాసుకుంటే పదకొండు నెలల ఒప్పందాలు, అవీ ఉద్యోగస్తులకు. మిగతావాళ్లకు నోటిమాట, అడ్వాన్సు. అక్కడ చట్టం చేతికంటే అడిగే అలవాటే ఎక్కువ పనిచేస్తుంది. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు ఊళ్లో భవనాలు అద్దెకు తీసుకునేటప్పుడు వేసవి బిల్లు, కప్పు వివరం అడగడం మొదలుపెడితే మిగతా యజమానులకు సంగతి అర్థమవుతుంది.

పేదల కాలనీలను వదిలేసి ఈ చర్చ ముగించడం అన్యాయం. రాష్ట్రం తలపెట్టిన లక్షల ఇళ్ల పథకంలో ఇండో-స్విస్ భవనాల ఇంధన పొదుపు ప్రాజెక్టు (బీప్) సాంకేతిక సలహా తీసుకున్నారు, ఎల్‌ఈడీ బల్బులు, తక్కువ కరెంటు ఫ్యాన్ల కోసం కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్‌తో ఒప్పందం చేసుకున్నారు. సలహా మంచిదే. సెంటు స్థలంలో మూడు వైపులా పక్కింటి గోడలొచ్చాక గాలి పారే దారేదీ? అక్కడ మిగిలేది కప్పు ఒక్కటే. బల్బు ఇచ్చిన చేత్తో ఆ కప్పుకు తెల్లపూత వేయించి ఉంటే పుణ్యం దక్కేది. ఇప్పుడు ఇంటి మీద సోలార్ పలకలకు 2024 నుంచి పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ వస్తోంది. మంచి పథకం, పలకల నీడ కప్పుకు కొంత చల్లదనం కూడా. అయితే సోలార్ ఉందని ఇంటికి ఐదు నక్షత్రాలిచ్చేస్తే మళ్లీ యూనిట్ల మోసమే. మీటరు సున్నా చూపిస్తుంది, గది మాత్రం కాలుతూనే ఉంటుంది.

నా తీర్పు ఇది. బీఈఈ నక్షత్రాలు అపార్టుమెంట్లకు సరే, పశ్చిమ ప్రకాశానికి అవి ఇప్పుడున్న రూపంలో పనికిరావు. పనికొచ్చేది ఒక పేజీ వేసవి పత్రం, విడి మీటరు, అనెక్జర్‌లో రెండు వరసలు. అవి వచ్చేదాకా ఇల్లు మారబోయేవాళ్లు ఒక పని చేయండి. అడ్వాన్సు చేతిలో పెట్టేముందు ఇంటాయన్ని ఆ పోర్షన్ సర్వీసు నంబరో సబ్‌మీటరు పుస్తకమో అడిగి, పోయిన మే నెలలో ఎన్ని యూనిట్లు కాలాయో చూడండి. ఇల్లు చూడటానికి పొద్దున చల్లపూట కాకుండా మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లండి.